నొప్పి లేని పుండు

అమ్మా, మీ నాన్నగారి గురించి మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. మాధవరంలో మగ్గం నేస్తారు, వయసు 56, షుగరు వచ్చి 14 ఏళ్లు. కుడి అరికాలిలో బొటనవేలి మొదట్లో పుండు పడి రెండేళ్లు దాటింది. రోజు విడిచి రోజు కట్టు కట్టిస్తున్నారు, ఎన్ని రకాల మాత్రలు మింగారో లెక్క లేదు, ఇప్పుడు ఒక డాక్టరు వేలు తీసేద్దామంటున్నారు. తీయించాలా, ఎక్కడికి వెళ్లాలి, మళ్లీ మగ్గం మీద కూర్చోగలరా అన్నవి మీ ప్రశ్నలు. నేను డాక్టరును కాను. ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి కడపలో స్థిరపడినవాణ్ణి. అదే చోట, అదే పుండుతో రెండేళ్లకు పైగా బతికాను. ఒక వేలు పోగొట్టుకున్నాను. ఆ తరువాత మానింది. మానడానికి ముందు నాకు ఎవరూ చెప్పని మాట ఒకటుంది. మీకు చెప్పాలనుకుంటున్నది అదే.

దానికంటే ముందు ఒక తొందర విషయం. వారం నుంచి పాదం వాచి వేడిగా ఉందని, నొప్పి మాత్రం లేదంటున్నారని చివర్లో ఒక వాక్యం రాశారు. మీరు దాన్ని మామూలుగా రాశారు కానీ నన్ను కలవరపెట్టింది అదే. నొప్పి లేదు కదా అని ఆగవద్దు. అది లోపల చీము పాకడం వల్ల కావచ్చు. లేదా షార్కో పాదం అనే జబ్బు కావచ్చు. నరాలు మొద్దుబారిన పాదంలో ఎముకలు, కీళ్లు లోలోపల చితికిపోతుంటే పాదం ఎర్రగా, వేడిగా వాస్తుంది. మొదట్లో ఎక్స్‌రేలో కూడా ఏమీ కనబడకపోవచ్చు. చాలామంది దాన్ని బెణుకనో, వాతమనో అనుకుని నడుస్తూనే ఉంటారు. చివరికి అరికాలి వంపు కూలిపోయి పాదం పడవ అడుగులా తయారవుతుంది. రెండింటిలో ఏదైనా సరే, రేపే చూపించాలి. జ్వరం, చలి, పుండు నుంచి దుర్వాసన, పిక్క వైపు పాకే ఎరుపు, ఏ వేలైనా నల్లబడటం, కారణం తెలియకుండా షుగరు ఒక్కసారిగా పెరగడం, వీటిలో ఒక్కటి ఉన్నా రేపటి దాకా కూడా ఆగకుండా ఈ రాత్రికే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక నా సంగతి. నాకు 2004లో షుగరు బయటపడింది. కడప నుంచి రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరు వెళ్లే సర్వీసులో రోజంతా నిలబడే ఉద్యోగం. 2011 ప్రాంతంలో కాళ్లకు దూది చుట్టినట్టు అనిపించడం మొదలైంది. అంతకు ముందు ఉన్న మంటలు, పోట్లు తగ్గిపోయాయి కాబట్టి జబ్బు నయమవుతోందనే అనుకున్నాను. నిజానికి మంట పెట్టడానికి కూడా నరాల్లో శక్తి మిగలకపోవడం అది. 2014 ఉగాదికి దేవుని కడప గుడికి వెళ్లి ఎండవేళ బండల మీద వరుసలో నిలబడ్డాను. నాకేమీ తెలియలేదు. మరునాడు ఉదయం మా ఆవిడ ఇల్లు ఊడుస్తూ ఆగి, బండల మీద వరుసగా ఉన్న తడి అడుగుమచ్చలు చూపించింది. మా ఇంట్లో పరిచినవి కడప బండలే. ఆ నల్లరాతి మీద రక్తం ఎర్రగా కనబడదు, తడిగా మాత్రమే కనబడుతుంది. కాలెత్తి చూస్తే బొటనవేలి కింద రూపాయి బిళ్లంత బొబ్బ పగిలి ఉంది.

ఆ తరువాత రెండేళ్లు సరిగ్గా మీ నాన్నగారిలాగే గడిచాయి. పొద్దున కట్టు కట్టించుకుని దాని మీదే డ్యూటీకి వెళ్లేవాణ్ణి. మందు మార్చారు, కట్టే దూది మార్చారు, ఇంజెక్షన్లు మార్చారు. ఒక్క డాక్టరు కూడా నేను రోజుకు ఎన్ని గంటలు నిలబడుతున్నానని అడగలేదు. 2015లో ఒక ఆసుపత్రిలో పక్కవేలికి చీము పట్టిందని దాన్ని తీసేశారు. వేలు తీసిన గాయం మానింది కానీ అసలు పుండు మానలేదు. పైగా నాలుగు నెలలకు మూడో వేలి కింద కొత్త ఆనె కట్టి, దాని కింద ఇంకో పుండు పడింది. నాలుగు స్తంభాల మీద ఉన్న పందిరికి ఒక స్తంభం తీసేస్తే బరువు ఎటు పోతుంది? మిగిలిన వాటి మీదే పడుతుంది. పాదం సంగతీ అంతే.

2016లో మా అల్లుడు పట్టుబట్టి వేలూరు తీసుకెళ్లాడు. అక్కడ డాక్టరు పుండు చూడటానికి ముందే నన్ను కళ్లు మూసుకోమని, కాలికి దారం తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. అది గట్టి నైలాన్ దారం. 10 గ్రాముల ఒత్తిడికి వంగేలా చేసి ఉంటుంది. నేను కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నాను. కాసేపయ్యాక, ‘మొదలుపెట్టారా సార్?’ అని అడిగాను. ‘అయిపోయింది. పది చోట్ల తాకించాను,’ అన్నారు. మా ఆవిడ పక్కనే నిలబడి ఏడ్చింది. ‘కాలు జాగ్రత్త’ అని రెండేళ్లుగా ఆమె చెబుతూనే ఉంది, నేను వినడం లేదని బాధపడుతూనే ఉంది. నాకు వినబడక కాదు, కాలు ఉన్నట్టే నాకు తెలియడం లేదు. మీ ఇంట్లో కూడా ‘నాన్న మాట వినడు’ అన్న కోపం ఉన్నట్టు మీ రాతలో కనబడింది. దయచేసి ఆయన మీద ఆ కోపం వద్దు. ముల్లు గుచ్చుకుంటే కుంటడం ఎవరూ నేర్పితే వచ్చేది కాదు, నొప్పే కుంటిస్తుంది. నొప్పి తెలియని మనిషి పుండు మీద పూర్తి బరువు వేసి నడుస్తాడు. అదే ఈ జబ్బు.

ఈ సంగతి ముందుగా స్పష్టంగా గ్రహించిన వారిలో ఒకరు అదే వేలూరులో పనిచేసిన పాల్ బ్రాండ్. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన ఆ సర్జన్ 1946లో వేలూరు వైద్య కళాశాలకు వచ్చారు. కుష్ఠు రోగుల కాళ్ల పుండ్లు మానవని, వాళ్ల మాంసమే చెడిపోయిందని అప్పట్లో అందరూ నమ్మేవారు. ఆయన ఆ కాళ్లకు పిండికట్టు వేసి చూస్తే పుండ్లు అందరి పుండ్లలాగే మానాయి. చెడినది మాంసం కాదు, స్పర్శ. షుగరు వల్ల మొద్దుబారిన కాళ్లకూ అదే సూత్రం వర్తిస్తుంది. ఇప్పుడు టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అని పిలుస్తున్న కట్టు పనిచేసేదీ ఆ సూత్రం మీదే.

నేను చెప్పాలనుకున్నది ఇదేనమ్మా: పుండు మీద ఏ మందు వేస్తున్నారన్న దానికంటే, ఆ పుండు మీద బరువు పడుతోందా లేదా అన్నది ముఖ్యం. మీ నాన్నగారు మగ్గం గుంటలో కూర్చుని ఏ భాగంతో చెక్కలు తొక్కుతారో ఒకసారి చూడండి. బొటనవేలి మొదలుతోనే. రోజులో వేల సార్లు. రాత్రి మానబోయిన చర్మాన్ని పగలు ఆ చెక్క నలిపేస్తోంది. అలాంటప్పుడు ఎంత ఖరీదైన మందు రాసినా ఏం లాభం?

ఆ కట్టు ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే ఎముక విరిగినప్పుడు వేసే కట్టు అనుకుని చాలామంది భయపడతారు. ముందు పుండు చుట్టూ గట్టిపడిన ఆనెను, చచ్చిన చర్మాన్ని బ్లేడుతో శుభ్రంగా చెక్కేస్తారు. చెక్కాక పుండు ముందుకంటే పెద్దదిగా కనబడుతుంది, కంగారు పడకండి. తరువాత పల్చటి మెత్త పెట్టి, వేళ్ల నుంచి మోకాలి కింద దాకా కాలి ఆకారానికి అచ్చంగా అతుక్కునేలా కట్టు వేస్తారు. దాంతో బరువు ఒక్క చోట పడకుండా అరికాలంతటికీ, పిక్కకీ పంచుకుపోతుంది. మొదటి కట్టును కొద్ది రోజుల్లోనే విప్పి మారుస్తారు. వాపు తగ్గి అది వదులవుతుంది, వదులైన కట్టు లోపల రాసుకుని కొత్త పుండు చేస్తుంది. ఆ తరువాత వారానికో, పది రోజులకో ఒకసారి మార్పు. సాధారణంగా 6 నుంచి 12 వారాల్లో మానుతుంది. రెండేళ్ల నా పుండు 10 వారాల్లో మూసుకుంది.

ఆ 10 వారాలు తేలిక కాదు. మన కడప ఎండల్లో కట్టు లోపల దురద పిచ్చెక్కిస్తుంది. పుల్లలు, అల్లిక సూదులు పెట్టి గోకనివ్వకండి. కట్టు వేసిన కాలు ఎత్తుగా ఉంటుంది కాబట్టి రెండో కాలి చెప్పుకు అడుగున అంత మందం వేయించండి, లేకపోతే నడుము పట్టేస్తుంది. కింద కూర్చునే మరుగుదొడ్డి ఈ కట్టుతో కుదరదు. కుర్చీలా ఉండే కమోడు ముందే తెచ్చి పెట్టుకోండి. ఇది చిన్న విషయంలా కనబడుతుంది కానీ, దీని వల్లే రెండో వారంలో కట్టు కోయించుకున్నవాళ్లు నాకు తెలుసు. తీసి పెట్టుకునే బూటు ఇస్తామని కొందరు డాక్టర్లు అంటారు. అదీ మంచిదే. కానీ మనవాళ్లు ఇంట్లో చెప్పులు వేసుకోరు. బూటు గుమ్మం దగ్గర వదిలేసి ఇల్లంతా తిరుగుతారు, రాత్రి లేచినప్పుడు అసలే వేసుకోరు. మీ నాన్నగారిని నేను చూడలేదు కానీ, తీయడానికి వీలులేని కట్టునే అడగమని నా సలహా.

అయితే ఈ కట్టు అందరికీ వేయరు. కాలికి రక్తప్రసరణ బాగా తగ్గిపోయి ఉన్నా, లోపల చీము చురుగ్గా ఉన్నా వేయకూడదు. ముందు వాటి సంగతి చూడాలి. మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. వేలు తీయాలన్న డాక్టరు తప్పు చెబుతున్నారని నేననను. చీము కుళ్లి పాకుతున్నప్పుడు ఒక వేలు వెంటనే తీయడం కాలిని, కొన్నిసార్లు ప్రాణాన్ని కాపాడుతుంది. కానీ అంత తొందర లేదంటే, ఒప్పుకునే ముందు మూడు విషయాలు అడగండి. కాలికి రక్తం సరిగా అందుతోందా అన్నది మొదటిది. పాదం మీద నాడి చూడాలి, కాలి బీపీని చేతి బీపీతో పోల్చి లెక్కకట్టాలి. ఆ లెక్క 0.9 కంటే తక్కువ వస్తే నాళాల్లో అడ్డంకి ఉన్నట్టు. షుగరు ఉన్నవాళ్లలో నాళాలు గట్టిపడి ఈ లెక్క ఉన్నదానికంటే బాగా ఉన్నట్టు చూపించవచ్చు, అందుకే నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ కూడా చేయించాలి. అడ్డంకి ఉంటే దాన్ని తెరిపించకుండా వేలు కోస్తే ఆ కోత మానదు. అప్పుడు పాదం, తరువాత మోకాలి కింద దాకా పోతుంది. మీ నాన్నగారు బీడీ కాలుస్తారో లేదో మీరు రాయలేదు. కాలిస్తే ఈ రోజే మానిపించండి, ఈ ఒక్క విషయంలో మాత్రం కోప్పడినా తప్పు లేదు. రెండోది, చీము ఎముకను పట్టిందా? శుభ్రమైన లోహపు పుల్లతో పుండును తడిమితే గట్టిగా ఎముక తగులుతుందేమో డాక్టరు చూస్తారు, ఎక్స్‌రే తీస్తారు, అనుమానం తీరకపోతే ఎమ్మారై. ఎముకను పట్టినా కొందరికి 6 వారాల దాకా మందులు వాడి తగ్గిస్తారు. మూడోది, ఇంతవరకు ఒక్కసారైనా బరువు తీసేసే కట్టు వేసి చూశారా? మీ రాతను బట్టి వేయలేదు. రక్తం బాగా ఉండి, ఎముక బాగా ఉంటే, అది చూడకుండా బొటనవేలు పోగొట్టుకోవద్దనే నేనంటాను. నడకలో నేలను నెట్టేది ఆ వేలే.

ఎక్కడికి వెళ్లాలంటే, పాదం వాచి ఉంది కాబట్టి ముందు దగ్గరలోని కడప రిమ్స్‌కే వెళ్లండి. సర్జరీ విభాగంలో చూపించి, రక్త పరీక్షలు, ఎక్స్‌రే చేయించండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద, అంటే పాత ఆరోగ్యశ్రీ కింద, ఏది వస్తుందో ఏది రాదో ఆసుపత్రిలోనే ఉండే ఆ కౌంటరులో ముందే అడిగి తెలుసుకోండి. నాళాల్లో అడ్డంకి ఉందంటే తిరుపతి స్విమ్స్ మీకు దగ్గర. ఎముకలు, పాదం ఆకారం చెడితే అక్కడే తితిదే నడిపే బర్డ్ అనే ఎముకల ఆసుపత్రి ఉంది. అనంతపురం వైపు మీ బంధువులున్నారన్నారు, ఆ వైపు అయితే బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి ఉంది. నేను వేలూరు వెళ్లాను కాబట్టి మీరూ అక్కడికే వెళ్లాలని లేదు. ఎక్కడికి వెళ్లినా అడగవలసిన మాట ఒకటే: ‘ఈ పుండు మీద బరువు పడకుండా ఏం చేస్తారు?’ ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పే చోట వైద్యం చేయించండి.

మగ్గం సంగతి. మానేదాకా వద్దు. ఒక్క పూట కూడా వద్దు. ఇది చెప్పడానికి నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే నాకు సెలవు పెట్టుకున్నా జీతం కొంత వచ్చేది, మీ నాన్నగారికి నేసిన రోజే కూలి. పనిలేని ఆ రెండు మూడు నెలలు ఇల్లు ఎలా గడుస్తుందన్నదే మీ ఇంట్లో అసలు సమస్య అయి ఉంటుంది. 50 ఏళ్లు నిండిన నేత కార్మికులకు ప్రభుత్వం పింఛను ఇస్తోంది, 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. ఆయనకు వస్తోందో లేదో చూడండి, రాకపోతే సచివాలయంలో అడగండి. చేతులతో చేసే పని, కండెలు చుట్టడం లాంటిది, కాలు చాపి కూర్చుని చేయవచ్చు. పని ఉంటే మనసు కూడా నిలబడుతుంది. ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదని రాశారు కదా, నేనూ అలాగే కూర్చున్నాను. కట్టు చూసి కుష్ఠు అనుకుంటారేమోనని గుమ్మం దాటలేదు. ఇంటి దగ్గరి నేస్తాలు ఇద్దరు రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేవారు. మందుల కంటే వాళ్లే నన్ను బయటకు తెచ్చారు.

మానిన తరువాత మళ్లీ మగ్గం మీద కూర్చోవచ్చా అంటే, వట్టి కాళ్లతో చెక్క తొక్కడం ఇక జీవితంలో వద్దు. మెత్తటి చెప్పు వేసుకుని, చెక్క మీద మెత్త అమర్చి, పాదం మధ్య భాగంతో తొక్కడం అలవాటు చేసుకోవాలి. జకార్డును, అంటే డిజైను కోసం మగ్గం పైన బిగించే యంత్రాన్ని, ఎత్తడానికి మోటారు అమర్చిన మగ్గాలు ఇప్పుడు వచ్చాయి, వీలుంటే అదే మేలు. ఒక విషయం దాచకూడదు. ఈ పుండు మానినవాళ్లలో ఏడాది తిరక్కుండానే నూటికి 40 మందికి, అయిదేళ్లలో 65 మందికి మళ్లీ పడుతుంది. నాకూ 2018లో పడింది, మేనకోడలి పెళ్లికి ఒక్క పూట కొత్త బూట్లు వేసుకున్నందుకు. ఈసారి మూడో రోజే కట్టుకు పరిగెత్తాను, 5 వారాల్లో మూసుకుంది. అప్పటి నుంచి ఇప్పటి దాకా పడలేదు.

చెప్పుల విషయంలో నేను రాజీపడను. ఎంసీఆర్ అని మెత్తటి రబ్బరు అట్ట ఉంటుంది, నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి వస్తుంది. అదీ మొదట్లో వేలూరు వైపు కుష్ఠు రోగుల కోసం వాడుకలోకి తెచ్చినదే. దానితో చేసిన చెప్పులకు వెనక పట్టీ ఉండాలి, వేళ్ల మధ్య దూరే పట్టీ ఉండకూడదు, మేకులు అసలే ఉండకూడదు, జిగురుతో అతికించి కుట్టాలి. నా దగ్గర రెండు జతలున్నాయి, ఒకటి ఇంట్లోకి, ఒకటి బయటకు. అట్ట అణిగిపోగానే మార్పిస్తాను. వేసుకునే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి తడుముతాను. ఒకసారి చింతగింజ దొరికింది, ఒకసారి కంపముల్లు. గుడికి వెళ్లాలంటే తెల్లవారుజామునే వెళతాను, మందపాటి మేజోళ్లతో. ఎండెక్కాక బండల మీద కాలు పెట్టను.

కాళ్లను వేడినీళ్లలో నానబెట్టనివ్వకండి, వేడి తెలియని కాలు ఉడికిపోతుంది. ఆనెలకు అంటించే మందు పట్టీలు, పసరు, సున్నం, బ్లేడుతో సొంత కోతలు, ఏవీ వద్దు. మీ ఊరి వైద్యుడి నూనె గురించి అడిగారు, పుండు తెరిచి ఉన్నంతకాలం అదీ వద్దు. మడమలు పగలకుండా రాత్రి కొబ్బరినూనె రాయవచ్చు, వేళ్ల సందుల్లో మాత్రం రాయకండి. సంగటి తింటే షుగరు పెరగదని మీ నాన్నగారు అంటున్నారట, ముద్ద పెద్దదైతే సంగటితోనూ పెరుగుతుంది. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 7 దగ్గరికి తెచ్చుకోవాలని నా డాక్టరు చెబుతారు. ఆయనకు ఎంత ఉండాలో ఆయన డాక్టరును అడగండి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పాత చీటీలన్నీ, ఇప్పటివరకు వాడిన మాత్రల పేర్లు, ఆయన రోజూ వేసుకునే చెప్పుల జత తీసుకెళ్లండి. ఆ చెప్పు అడుగు ఎక్కడ అరిగిందో చూస్తే బరువు ఎక్కడ పడుతోందో డాక్టరుకు తెలిసిపోతుంది. బస్టాండులో నడిపించకుండా ఆటోలో ఆసుపత్రి మెట్ల దాకా తీసుకెళ్లి, అక్కడ చక్రాల కుర్చీ అడగండి.

ఈ రాత్రి పడుకునే ముందు ఆయన ఎడమ పాదాన్ని కూడా దీపం కింద పెట్టి చూడండి. రెండేళ్లుగా కుడికాలితో పాటు అది కూడా అదే చెక్క తొక్కింది. బొటనవేలి మొదట్లో ఆనె కట్టి, దాని లోపల నల్లటి మచ్చ కనబడితే అది లోపల పేరుకున్న రక్తం. అక్కడ కూడా పుండు మొదలవుతున్నట్టే. రేపు డాక్టరుకు రెండు కాళ్లూ చూపించండి.